రేచీకటిని లెక్కలోకి తీసుకోండి: రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, ఆ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

ఊళ్లలో తిరిగి కంటి పరీక్షలు చేసే పనిలోనే నా ఉద్యోగకాలం గడిచింది. అద్దాలు రాశాను. శుక్లాలున్నవాళ్లను ఆపరేషన్లకు పంపాను. షుగర్ ఉన్నవాళ్లకు రెటీనా చూపించుకోమని పదే పదే చెప్పాను. ఈ మూడింటికీ ప్రభుత్వాల దగ్గర పథకాలున్నాయి, టార్గెట్లున్నాయి, బడ్జెట్లున్నాయి. వీటిలో దేనిలోనూ ఇమడని మనుషుల గురించి ఈ లేఖ. వాళ్లకున్న జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. డాక్టర్లు, రోగులు అందరూ ఆర్‌పీ అనే అంటారు. పుస్తకాల్లో రాసినంత అరుదుగా ఇది మన ప్రాంతంలో లేదు. అరుదేననుకుని పథకాలు వేస్తున్నంతకాలం ఆ మనుషులు మనకు కనబడరు. వాళ్లను లెక్కపెట్టమని అడగడానికే రాస్తున్నాను.

జబ్బు గురించి మీకు తెలిసే ఉంటుంది. ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. కంటి వెనక రెటీనా పొరలో రెండు రకాల కణాలుంటాయి. మసక వెలుతురులో చూడటానికి రాడ్ కణాలు, వెలుగులో రంగులూ అక్షరాలూ చూడటానికి కోన్ కణాలు. ఆర్‌పీలో పుట్టుకతో ఉన్న జన్యులోపం వల్ల చాలామందిలో ముందుగా రాడ్ కణాలు చచ్చిపోతాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది. ఆ తర్వాత పక్కచూపు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూసే చూపు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. చివరికి చాలామందిలో అదీ తగ్గుతుంది. ఒక్కొక్కరిలో ఒక్కో వయసులో, ఒక్కో వేగంతో జరుగుతుంది గానీ వరస దాదాపు ఇదే. చిన్నప్పుడు పొద్దుగూకేసరికి ఆట వదిలేసి ఇంటికొచ్చేస్తాడు. సినిమా హాల్లో సీటు వెతుక్కోలేడు. కాస్త పెద్దయ్యాక గడపలు తన్నుకుంటాడు, బల్లలు తగిలించుకుంటాడు, పక్కన నిలబడ్డ మనిషిని చూడకుండా వెళ్లిపోయి పొగరుబోతనిపించుకుంటాడు. బండి నడుపుతుంటే పక్కసందులోంచి వచ్చిన ఆటో మీదికొచ్చేదాకా కనబడదు. అదే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది చార్టు చదవమంటే చివరి వరస దాకా గడగడా చదివేస్తాడు.

ఆ చివరి వాక్యం దయచేసి గుర్తుంచుకోండి. ఈ లేఖలో నేను చెప్పే ఇబ్బందుల్లో సగం అక్కడి నుంచే వస్తున్నాయి.

ఇప్పుడు అంకెల దగ్గరికి వస్తాను. ఆర్‌పీ ఎంతమందికి ఉంటుందని ఏ వైద్య పుస్తకాన్ని అడిగినా సుమారు 4,000 మందికి ఒకరని చెబుతుంది. ఆ అంకె ఉత్తర ఐరోపాలో, అమెరికాలో చేసిన లెక్కల నుంచి వచ్చింది. డెన్మార్క్‌లో అలాగే ఉంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇంకొంచెం తక్కువగా, దాదాపు 5,000 మందికి ఒకరుగా ఉంది. ఆ లెక్కలు శ్రద్ధగా చేసినవే, నాకు వాటి మీద ఫిర్యాదు లేదు. కానీ అవి ఆయా జనాభాల లెక్కలు. అదే అమెరికాలో నవహో ఆదివాసీల్లో 1981లో చూస్తే 1,878 మందికి ఒకరున్నారు. జెరూసలేం ప్రాంతంలో లెక్కించినప్పుడు సుమారు 2,086 మందికి ఒకరు వచ్చారు. ఒకే జబ్బు, జనాభా మారితే రెండింతలు ఎక్కువ కనబడింది.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ సంగతి కాదు. 1861లోనే బెర్లిన్‌లో లీబ్రైష్ అనే కంటి డాక్టరు చెవిటి మూగవాళ్లను పరీక్షిస్తూ, వాళ్లలో యూదు కుటుంబాల వాళ్లకూ, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లకు పుట్టినవాళ్లకూ ఈ రెటీనా జబ్బు ఎక్కువగా ఉందని గమనించి రాశాడు. జన్యువు అనే మాట పుట్టకముందే ఒక డాక్టరు మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి కళ్లలోకి చూసి కనిపెట్టిన విషయం అది.

మరి మన వైపు సంగతేమిటి? చెన్నైలోని శంకర నేత్రాలయ వైద్యులు 40 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించి 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం నగరంలో 930 మందికి ఒకరికి, ఊళ్లలో 372 మందికి ఒకరికి ఆర్‌పీ ఉంది. నాగపూర్ చుట్టుపక్కల పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లలో 750 మందికి ఒకరు తేలారు. ఇలాంటి సర్వేల్లో చూసేది కొన్ని వేలమందినే కాబట్టి అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. పెద్దవయసువాళ్లనే చూశారు కాబట్టి మొత్తం జనాభాకు అదే లెక్క యథాతథంగా వర్తించదు కూడా. ఒప్పుకుంటాను. కానీ వేర్వేరు చోట్ల, వేర్వేరు బృందాలు చూసినా ఒక్కటీ 4,000 దరిదాపుల్లోకి రాలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు ఎనిమిదిన్నర కోట్ల మందిమి. పుస్తకంలోని అంకె పట్టుకుంటే మనలో ఆర్‌పీ ఉన్నవాళ్లు 21 వేల మంది. చెన్నై నగరపు అంకె పట్టుకుంటే 90 వేలు దాటుతారు. వయసు తేడా కోసం అందులో బాగా కోత పెట్టినా పుస్తకం చెప్పినదానికి రెండు మూడు రెట్లు మిగులుతారు. ఏ అంకె నిజమో మనకు తెలియకుండా ఎన్ని రెటీనా క్లినిక్కులు కావాలో, చూపు బాగా తగ్గినవాళ్లకు సాయపడే లో విజన్ నిపుణులు ఎంతమంది కావాలో, ఎంతమందికి తెల్లకర్రతో నడవడం నేర్పాలో ఎలా నిర్ణయిస్తారు?

మన దగ్గర ఎందుకు ఎక్కువ అంటే, జవాబు మన పెళ్లిళ్లలో ఉంది. దీన్ని చెప్పడానికి చాలామంది జంకుతారు, కొందరు మరీ కటువుగా చెబుతారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆర్‌పీలో చాలా రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, అలా రెండు దెబ్బతిన్న జన్యు ప్రతులు కలిస్తేనే వస్తాయి. ఒకే ప్రతి ఉన్నవాళ్లకు ఏమీ కాదు, జీవితాంతం వాళ్లకు తెలియను కూడా తెలియదు. భార్యాభర్తలు ఒకే తాత ముత్తాతల సంతానమైతే ఇద్దరి దగ్గరా అదే దెబ్బతిన్న ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లైతే పుట్టే బిడ్డకు ఏదైనా ఒక జన్యువులో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద పెళ్లైన ఆడవాళ్లలో బంధువును చేసుకున్నవాళ్లు సుమారు 11 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతుకు పైనే. తెలంగాణలో ఆంధ్రకన్నా తక్కువే అయినా దేశ సగటుకన్నా బాగా ఎక్కువ.

మేనరికాలు తగ్గిపోతే సమస్య తీరిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు కలిసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులు చూస్తే, వాటిలో 81 సమూహాలు ఫిన్లాండు ప్రజలకన్నా, అష్కనాజీ యూదులకన్నా ఇరుకైన మూలం నుంచి వచ్చినవని తేలింది. అంటే ఎప్పుడో కొద్దిమంది పూర్వీకులు ఉండి, ఆ తర్వాత తరతరాలుగా ఆ గుంపులోనే పెళ్లిళ్లు జరగడం వల్ల వాళ్లలో ఒకరి జన్యులోపం ఇప్పుడు వేలమందిలోకి వచ్చేసింది. ఆ 81లో పది లక్షలు దాటిన జనాభా ఉన్న సమూహాలు కూడా ఉన్నాయి. కాబట్టి అబ్బాయి, అమ్మాయి మధ్య ఏ బంధుత్వం లేకపోయినా, ఒకే కులంలో చేసుకుంటే పాత చుట్టరికం లోపల ఉండనే ఉంటుంది. కొన్ని వైశ్య కుటుంబాల్లో ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు శరీరంలో త్వరగా విరగదని మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. ముందే అడిగి తెలుసుకుని మందు మారుస్తారు. అది ఎవరికీ అవమానం కాలేదు, ప్రాణాలు కాపాడే సమాచారం అయింది. కళ్ల విషయంలోనూ అలాంటి సమాచారమే మనకు కావాలి.

అందుకే పాశ్చాత్య దేశాల వాళ్లు జాతి వారీగా జబ్బు ఎంత ఉందో రాసుకున్నట్టు మనం "భారతీయుల్లో ఇంత" అని ఒక్క అంకె రాసుకుంటే సరిపోదు. కోస్తాలో ఒక వర్గానికీ, పాలమూరులో ఇంకో వర్గానికీ, ఏజెన్సీలో ఒక తెగకూ తేడా ఉండవచ్చు. హైదరాబాదు పాతబస్తీలో చిన్నాన్న, పెదనాన్న పిల్లల మధ్య కూడా పెళ్లిళ్లు జరుగుతాయి, అక్కడి లెక్క మరోలా ఉండవచ్చు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. డబ్బుకు, వైద్యానికి సూటిగా సంబంధించింది. ఆర్‌పీ ఒకే జబ్బులా కనిపిస్తుంది గానీ దానికి కారణమయ్యే జన్యువులు ఇప్పటికే 80 దాటాయి. ఏ జనాభాలో ఏ జన్యువు చెడిందన్నది ఆ జనాభా చరిత్రను బట్టి ఉంటుంది. 1990లో మొట్టమొదట కనుగొన్న ఆర్‌పీ జన్యులోపం రొడాప్సిన్ అనే జన్యువులోది. అమెరికాలో తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చే ఆర్‌పీకి అది ఇప్పటికీ తరచూ కనిపించే కారణం. బ్రిటిష్ దీవుల నుంచి వలస వెళ్లిన ఒక పూర్వీకుడి నుంచి అది పాకిందంటారు. ఆసియా రోగుల్లో అది దాదాపు కనిపించదు. జపాన్‌లో ఈవైఎస్ అనే జన్యువు ముందుంటుంది. అష్కనాజీ యూదుల్లో డీహెచ్‌డీడీఎస్, ఎంఏకే అనే రెండు జన్యువుల్లో ఒక్కో ప్రత్యేకమైన లోపం ఉన్నట్టు 2011లో కనిపెట్టారు. అమెరికాలోని లూసియానాలో ఫ్రెంచి మూలాలున్న అకాడియన్ కుటుంబాల్లో చెవుడూ ఆర్‌పీ కలిసి వచ్చే అషర్ సిండ్రోమ్ ఎక్కువ. దానికి కారణమైన మార్పు కూడా వాళ్ల పూర్వీకులతో పాటు వచ్చిందే.

అమెరికా ప్రభుత్వం 2017 డిసెంబరులో లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సకు అనుమతి ఇచ్చింది. వంశపారంపర్య రెటీనా జబ్బుకు అనుమతి పొందిన మొదటి జన్యు చికిత్స అదే. రెండు కళ్లకూ కలిపి ధర ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. ఆనాటి లెక్కలో ఐదు కోట్ల రూపాయలకు పైనే. ఆ ధర విని మన రోగుల కుటుంబాలు తలలు పట్టుకుంటాయి. కానీ ధరకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ మందు ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు రెండు ప్రతులూ చెడినవాళ్లకే పనిచేస్తుంది. తన జబ్బు ఏ జన్యువుదో మన రోగుల్లో ఎంతమందికి తెలుసు? పరీక్ష చేయించుకోనివాళ్లకు ఆ మందు ఉచితంగా ఇచ్చినా ఎవరికి ఇవ్వాలో తెలియదు. మిగతా జన్యువుల మీద పరిశోధనలు నడుస్తున్నాయి. ఆ ట్రయల్స్‌లోకి మనుషుల్ని తీసుకునేది జన్యు రిపోర్టు చూసే. మందులు తయారుచేసే సంస్థలు ఏ జన్యువు మీద డబ్బు పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు ఎక్కడ ఎంతమంది రోగులున్నారో చూస్తాయి. రోగుల లెక్క లేని ప్రాంతంలో ఎక్కువగా ఉండే జన్యులోపం మీద ఎవరూ పరిశోధన చేయరు. అందువల్ల మనకు లెక్క లేకపోవడం ఈ రోజు కాగితం మీద లోపమే కావచ్చు, పదిహేనేళ్ల తర్వాత అది మన పిల్లలకు మందు లేకపోవడం అవుతుంది.

మరి ఇన్ని కంటి సర్వేలు జరిగాయి కదా, వాటిలో వీళ్లు ఎందుకు దొరకలేదని మీరు అడగవచ్చు. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ అంధత్వ సర్వే ప్రధానంగా 50 ఏళ్లు దాటినవాళ్లను చూసింది. చూసింది కూడా ముఖ్యంగా చార్టు మీద చూపు ఎంత ఉందని. పక్కచూపు అంతా పోయి గొట్టంలోంచి చూసినట్టు చూసే మనిషి కూడా అక్షరాలు చదివితే ఆ సర్వేలో బాగా కనబడేవాళ్ల జాబితాలోకి వెళ్తాడు. పూర్తిగా చూపు పోయాక దొరికినా, కంటి వెనక భాగపు ఇతర జబ్బులు అనే గంపగుత్త గడిలో పడిపోతాడు. శుక్లాలు లెక్కించడానికి చేసిన సర్వే అది, ఆ పని బాగానే చేసింది. ఆర్‌పీని పట్టుకునేలా దాన్ని తయారు చేయలేదు.

మన రెండు రాష్ట్రాలూ కంటి వెలుగు పేరుతో చేసినంత పెద్ద ప్రయత్నం ఇంకే రాష్ట్రమైనా చేసిందా అంటే నాకు అనుమానమే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైంది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షించారు. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అనంతపురంలో మొదలుపెట్టి ముందుగా బడి పిల్లల్ని చూశారు. ఊరూరా టేబుళ్లు వేసి, ముసలివాళ్లను చేయిపట్టుకుని తీసుకొచ్చి అద్దాలు ఇచ్చిన ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం. అంతమంది కళ్ల ముందు మన సిబ్బంది కూర్చున్నారు. చార్టుతో పాటు ఒక్క ప్రశ్న, ఒక్క నిమిషం పరీక్ష అదనంగా ఉండి ఉంటే ఆర్‌పీ విషయంలో దేశంలో ఎవరి దగ్గరా లేని లెక్క మన దగ్గర ఉండేది.

ఆ ప్రశ్న: చీకటి పడ్డాక నడవడానికి ఇబ్బంది ఉందా? ఆ పరీక్ష: ఎదురుగా కూర్చుని, నా ముక్కు వైపే చూడమని చెప్పి, పక్కల నుంచి వేళ్లు ఆడిస్తూ ఎప్పుడు కనబడిందో చెప్పమనడం. దీనికి మెషీన్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. ఆశా కార్యకర్తకు ఒక పూటలో నేర్పవచ్చు. దీనితో అందరూ దొరకరు, నిజమే. కానీ ఇప్పుడు దొరుకుతున్నవాళ్లకన్నా ఎన్నో రెట్లు దొరుకుతారు.

రేచీకటి అనగానే మనవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన ఎ విటమిన్. మునగాకు, క్యారెట్టు, బొప్పాయి తినమంటారు, చుక్కలు వేయిస్తారు. ఎ విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటి నిజంగానే ఉంది, చిన్నపిల్లలకు ఆ మోతాదులు ఇవ్వాల్సిందే. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలకు రేచీకటి ఉండి, విటమిన్ ఇచ్చినా తగ్గకపోతే అక్కడ ఆగి రెటీనా చూడాలి. చాలా కుటుంబాల్లో ఆ ఆగడం జరగదు. నాటుమందులు, పసర్లు, ఆ తర్వాత పట్నంలో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లంటూ లక్షలు గుంజేవాళ్లు. ఆర్‌పీకి మన దేశంలో అనుమతి ఉన్న స్టెమ్ సెల్ చికిత్స ఏదీ లేదని మీ శాఖల పేరుతో ఒక్క ప్రకటన వస్తే ఎన్ని ఇళ్లు అప్పుల్లో పడకుండా ఉంటాయో.

రోగికి మొదట దొరికే డాక్టరు కూడా చాలాసార్లు "దీనికి ఏమీ చేయలేం" అని పంపించేస్తాడు. ఆ మాట నిజం కాదు. ఆర్‌పీ ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే ఒక రకం శుక్లం వస్తుంది, దాన్ని తీస్తే చాలామందికి ఉన్న చూపు మెరుగవుతుంది. రెటీనా మధ్యలో నీరు చేరితే దానికి చుక్కలు, మాత్రలు ఉన్నాయి. చూపు తగ్గినవాళ్లకు పెద్ద అక్షరాలు చూపే పరికరాలు, ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, తెల్లకర్ర శిక్షణ ఉన్నాయి. ఆడపిల్ల ఇంటర్‌లో ఉండగా జబ్బు సంగతి తెలిస్తే రాత్రిపూట ప్రయాణాలు తక్కువగా ఉండే ఉద్యోగం వైపు చదువు మళ్లించుకోవచ్చు. ముప్పై ఏళ్లకు తెలిస్తే అప్పటికే ఉద్యోగం పోయి ఉంటుంది.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ జబ్బును ఇళ్లలో దాస్తారు. అక్కకు ఉందని తెలిస్తే చెల్లెలికి సంబంధాలు రావని దాస్తారు. పెళ్లైన తర్వాత చీకట్లో బిందె తన్నుకున్న కోడలికి కళ్లు నెత్తికెక్కాయంటారు. సంగతి బయటపడ్డాక పుట్టింటికి పంపేస్తారు. పిల్లలకు వస్తే తప్పంతా తల్లిదే అంటారు. రెండు ప్రతుల్లో ఒకటి తండ్రిదని అక్కడ ఎవరూ చెప్పరు. ఈ దాపరికం వల్ల మనుషులు పరీక్షకు రారు, రాకపోవడం వల్ల లెక్క తక్కువగా కనబడుతుంది, తక్కువగా కనబడుతుంది కాబట్టి ప్రభుత్వం పట్టించుకోదు. అందువల్ల మీరు చేయబోయే ఏ లెక్క అయినా మనుషుల పరువు కాపాడుతూ చేయాలి. పేర్లు, కులాలు, ఊళ్లు కలిపి ఉన్న జాబితా ఒక్కసారి బయటికి వచ్చినా పదేళ్ల నమ్మకం పోతుంది. కులం వారీగా సంఖ్యలు పత్రికల్లో వేయడం నాకు సమ్మతం కాదు. పరిశోధకులకు అవసరమైన సమాచారం భద్రంగా ఉండాలి, కుటుంబానికి అవసరమైంది ఆ కుటుంబానికే చెప్పాలి.

మేనరికం చేసుకున్నవాళ్లను తిట్టే ప్రచారం కూడా వద్దని మనవి. భూమి కోసం, ఆడపిల్ల కళ్లెదుట ఉంటుందని, కట్నం భారం తగ్గుతుందని, పెద్దవాళ్ల మాట కోసం ఆ పెళ్లిళ్లు జరిగాయి. ఇప్పటికే పెళ్లై పిల్లలున్నవాళ్లకు నేరభావం అంటగట్టి ఉపయోగం లేదు. అప్పటికే ఇంట్లో ఒక ఆర్‌పీ రోగి ఉన్న కుటుంబం మళ్లీ మేనరికం అనుకుంటున్నప్పుడు, వాళ్లతో కూర్చుని ఓపికగా మాట్లాడే జన్యు సలహాదారు జిల్లా ఆసుపత్రిలో దొరకాలి. నిర్ణయం వాళ్లదే. తెలిసి తీసుకోవాలి, అంతే.

ఇవన్నీ చేయడానికి మన దగ్గర ఉన్నంత సరంజామా దేశంలో చాలా రాష్ట్రాలకు లేదు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు ఊళ్లలో విజన్ సెంటర్ల నుంచి రాజధానిలో జన్యు పరిశోధన దాకా అన్నీ ఉన్నాయి. 1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు హైదరాబాదులో పదివేల మందికి పైగా పరీక్షించి చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం ఈ రోజుకీ ప్రపంచమంతా ఉదహరిస్తుంది. చార్టుతో ఆగకుండా కంటి వెనక భాగం, చూపు క్షేత్రం, అంటే పక్కలకు ఎంత మేర కనబడుతుందో కూడా చూసిన అధ్యయనం అది. సీసీఎంబీ, డీఎన్‌ఏ పరీక్షలు, పరిశోధనలు చేసే సీడీఎఫ్‌డీ ఇక్కడే ఉన్నాయి. నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ కలిసి కేంద్ర అరుదైన వ్యాధుల విధానం కింద ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది భారతీయుల జన్యు సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది, అందులో 83 సమూహాల వాళ్లున్నారు. అంటే మన జనాభాలో ఏ మార్పు మామూలుదో, ఏది జబ్బు తెచ్చేదో పోల్చి చూసుకోవడానికి ఇప్పుడు మనదే ఒక ఆధారం ఉంది. పదేళ్ల క్రితం ఐరోపా వాళ్ల జన్యువులతో పోల్చుకోవాల్సి వచ్చేది, ఆ పోలికలో మన రోగుల రిపోర్టులు ఎన్నోసార్లు ఎటూ తేలకుండా ఉండిపోయేవి.

ఇక నేను అడిగేవి. వచ్చే విడత బడి పిల్లల కంటి పరీక్షల్లో, పల్లె శిబిరాల్లో పైన చెప్పిన ప్రశ్ననూ వేళ్ల పరీక్షనూ చేర్చండి. అనుమానం ఉన్నవాళ్ల రెటీనా ఫోటో తీసి జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు చేయండి. షుగర్ రోగుల కోసం ఇప్పటికే కెమెరాలున్న చోట కొత్తగా కొనాల్సింది కూడా లేదు. బధిర పాఠశాలల్లో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రెటీనా పరీక్ష తప్పనిసరి చేయండి. పుట్టు చెవుడున్న పిల్లలు కళ్ల మీదే ఆధారపడి సైగలు నేర్చుకుంటారు. వాళ్లలో అషర్ సిండ్రోమ్ ఉన్నవాళ్లెవరో ముందే తెలియాలి, ఎందుకంటే పక్కచూపు మూసుకుపోయేకొద్దీ ఆ సైగలు కూడా వాళ్లకు సరిగా కనబడకుండా పోతాయి. ఆరో వేలు, స్థూలకాయం, రేచీకటి కలిసి ఉన్న పిల్లలు కనిపిస్తే కిడ్నీలు కూడా చూడాలని పిల్లల డాక్టర్లకు గుర్తుచేయండి. అది బార్డెట్ బీడిల్ అనే జన్యు జబ్బు కావచ్చు.

రెండు రాష్ట్రాలూ కలిసి ఆర్‌పీ రోగుల వివరాలు నమోదు చేసే ఒకే రిజిస్ట్రీ పెట్టండి. ఇక్కడి కుటుంబాలు నదికి ఇటూ అటూ పెళ్లిళ్లు చేసుకుంటాయి. ఆంధ్రలో అక్క, తెలంగాణలో తమ్ముడు వేరువేరు జాబితాల్లో ఉంటే వంశవృక్షం సగమే కనబడుతుంది. పేద రోగులకు జన్యు పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీ తరహాలో భరించండి. వేలకు వేలు ఖర్చయ్యే పరీక్షను కూలికి వెళ్లే కుటుంబం చేయించుకోలేదు. పరీక్ష ఫలితం చెప్పేటప్పుడు పక్కన సలహాదారు ఉండాలి.

వికలాంగ సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరాల గురించి కూడా ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకుంది. చార్టు ఎంత బాగా చదివినా, క్షేత్రం 10 డిగ్రీలకన్నా తక్కువైతే ఆ చట్టం దృష్టిలో అంధత్వమే, 40 డిగ్రీల లోపు ఉంటే అల్పదృష్టి. కానీ చూపు క్షేత్రాన్ని కొలిచే ఫీల్డ్ టెస్టు మెషీన్ లేని చోట, ఉన్నా చేసే మనిషి లేని చోట, ఆర్‌పీ రోగి చార్టు చదివేసి, నీకు బాగానే కనబడుతోందనిపించుకుని ఇంటికి పోతాడు. సర్టిఫికెట్ ఇచ్చే ప్రతి కేంద్రంలోనూ ఫీల్డ్ టెస్టు జరిగేలా ఉత్తర్వు ఇవ్వండి. పింఛనుకు, ఉద్యోగ రిజర్వేషన్‌కు, బస్సు పాసుకు అన్నింటికీ ఆ కాగితమే మూలం.

నిజం చెప్పాలంటే వీటిలో చాలావాటికి కొత్త డబ్బు పెద్దగా అక్కర్లేదు. జన్యు పరీక్షలకు, సలహాదారులకు కావాలి. ఎంత కావాలో ముందుగా తెలియాలన్నా రోగులు ఎంతమందో తెలియాలి. మొదటి అడుగుగా ఒక కోస్తా జిల్లా, ఒక రాయలసీమ జిల్లా, ఒక దక్షిణ తెలంగాణ జిల్లా, ఒక ఏజెన్సీ ప్రాంతం తీసుకుని, అన్ని వయసులవాళ్లనూ రెటీనా చూసి, ఫీల్డ్ టెస్టు చేసి లెక్క తేల్చండి. పాత అధ్యయనంలో చూసిన జిల్లాలే మళ్లీ తీసుకుంటే గడిచిన పాతికేళ్లలో ఏం మారిందో కూడా తెలుస్తుంది. ఆ సర్వే ప్రణాళిక తయారీలో ఆర్‌పీ ఉన్నవాళ్లను కూడా కూర్చోబెట్టుకోండి. ఎక్కడ వెతకాలో, ఎలా అడిగితే ఇంట్లోవాళ్లు నోరు విప్పుతారో వాళ్లకు తెలిసినంతగా నాకూ తెలియదు, మీ అధికారులకూ తెలియదు.

జూన్‌లో బడులు తెరుస్తారు, కంటి పరీక్షల ఫారాలు అంతకు ముందే అచ్చు వేస్తారు. రేచీకటి గురించి ఆ ఒక్క ప్రశ్న ఈసారి ఫారంలో ఉంటుందో లేదో రెండు శాఖలూ బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను. శిక్షణ ఇవ్వడానికి మనుషులు కావాలంటే నాలాంటి రిటైరైనవాళ్లం ప్రతి జిల్లాలో ఉన్నాం, పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఊళ్లలో కంటి పరీక్షలు చేసి రిటైరైన ఒక ఉద్యోగి